ఎనిమిది నుంచి దిగని నొప్పి

మోకాలిని కొలవడం కష్టం కాదు. ప్లాస్టిక్ కొలబద్ద ఒకటి ఉంటుంది. ఒక చివర తొడ మీద, ఇంకో చివర పిక్క మీద ఆనిస్తే కాలు ఎంత వంగిందో అదే చెబుతుంది. నొప్పి సంగతి వేరు, దాన్ని మనిషిని అడిగి తెలుసుకోవాల్సిందే. అడిగితే ఆ మనిషి నా ముఖం చూడడు, పక్కన ఎవరున్నారో చూస్తాడు. తమిళనాడులో ధర్మపురి ఆస్పత్రిలో నేను చేసిన మొదటి ఉద్యోగంలో నేర్చుకున్నది దాదాపు ఇంతే. ఆ ఉద్యోగం మానేసి మళ్ళీ చదువులో పడ్డాను. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయే చెల్లెళ్ళకు పనికొస్తుందని ఈ ముక్క రాస్తున్నాను.

అరిగిపోయిన మోకాలి కీలు తీసేసి లోహపు కీలు పెడతారని మీకు తెలిసే ఉంటుంది. ఎక్కడో ఒకరికి ఆ కొత్త కీలు దగ్గర చీము పడుతుంది. క్రిములు లోహాన్ని అంటిపెట్టుకుని కూర్చుంటాయి, ఉత్త మాత్రలకు లొంగవు. కొందరికి కీలు కడిగితే సరిపోతుంది. కొందరికి కీలునే తీసేసి, మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టి, నెలల తరబడి ఆగి, మళ్ళీ కొత్త కీలు పెట్టాలి. ఇంత చేశాక ఆ మనిషికి నయమైనట్టా కానట్టా? చీము తిరిగి రాకపోతే చాలా? నడవాలా? చీము లేకుండా నొప్పి మాత్రం ఉంటే ఆ వైద్యం గెలిచినట్టా ఓడినట్టా? మా పెద్ద డాక్టరు తాను చూసిన అలాంటి రోగులందరినీ వరుసగా అడిగించి ఈ సంగతి తేల్చుకోవాలనుకున్నారు. అడిగే పని నాకు పడింది.

అడగడం నాకు చేతకాని పని. బస్సులో టికెట్టు తీసుకోవాలన్నా వాక్యం ముందే మనసులో కూర్చుకునే మనిషిని. పుస్తకాలు చదువుతాను, డైరీ రాస్తాను. అది తెలుగులో రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు గానీ నేను తప్ప ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. అంతకన్నా మంచి తాళం దొరకదు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది కూడా తెలుగు వచ్చుననే. మా వైపు పల్లెల్లో ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. పెద్దవాళ్ళు ఒంటి బాధ గురించి డాక్టరుకు తమిళంలో ఒకటి, ఇంటివాళ్ళకు తెలుగులో ఒకటి చెబుతారని మా డాక్టరుగారికి అనుమానం. ఆయన తమిళంలోనే మాట్లాడేవారు. ఇక్కడ ఆయన మాటలు తెలుగులో రాస్తున్నాను.

మొదట్లో అంతా ఫోన్లోనే అడిగేదాన్ని. పదికి ఎంత నొప్పి అన్నది మా ముఖ్యమైన ప్రశ్న. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఓర్చుకోలేనంత. పల్లెల్లో ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడతారు. అందువల్ల నొప్పి రోగి ఒక్కడిది కాకుండా ఇంటిల్లిపాదిదీ అయిపోయేది.

"ఐదు వేసుకో పాపా" అనేవాడు ఒక తాత.

"ఐదేంది మామా? నిన్న సచ్చిపోతా అంటివి" అని కోడలి గొంతు.

"అయితే ఏడు."

"మా అత్తకు ఆరే వేసినారు, ఆమె మంచం దిగనే దిగదు. ఈయనకు ఏడెట్ల?" అని పక్కింటావిడ.

బేరం చివరికి ఆరున్నర దగ్గర తెగేది. మా కాగితంలో అరలు లేవు. నేను ఆరు వేస్తే సీనియర్ నర్సు నా భుజం మీదుగా చూసి, "ఏడు వెయ్యి. ఆ కోడలు వదిలిపెట్టే రకం కాదు" అనేది. ఆమెను నేను సిస్టరక్క అని పిలిచేదాన్ని. ఆమెదీ తెలుగిల్లే. ఆస్పత్రిలో ఆమెకు భయపడని వస్తువు ఆ కొలబద్ద ఒక్కటే.

ఇక నేను చెప్పదలుచుకున్న అవ్వ. పిక్కిలి అనే పల్లె నుంచి వచ్చేది. మోకాలి కీలుకు చీము పట్టి, అది తీసేసి, సిమెంటు పెట్టి, మళ్ళీ కొత్త కీలు పెట్టిన మనిషి. ఆమె భర్తను తాత అని పిలిచేదాన్ని, ఆయనే ఆమెను మోపెడ్ మీద తెచ్చేవాడు. బక్కపలచని మనిషి, భుజాన తువ్వాలు, చేతిలో ఎక్స్-రేల సంచి. అవ్వ ఆయన భుజం పట్టుకుని, అడుగడుక్కీ ఆగుతూ లోపలికి వచ్చేది. ఆమె తల మాత్రం ఎప్పుడూ నున్నగా దువ్వి ఉండేది, జడ కాస్త ఒక పక్కకు ఒరిగి. అది తాత చేతిపని అని నాకు తర్వాత తెలిసింది.

"పదికి ఎంత నొప్పి అవ్వా?"

అవ్వ ఓరగా తాతను చూసేది. కళ్ళు మూసుకునేది. "ఎనిమిది."

"మెట్లు ఎక్కగలవా?"

"మెట్లా! గడప దాటేదే గగనంగా ఉండాది పాపా."

ప్రతిసారీ ఇదే. గాయం ఆరిపోయింది, జ్వరం లేదు, రక్తపరీక్ష బాగుంది, మోకాలు చక్కగా వంగుతోంది. నొప్పి మాత్రం ఎనిమిది నుంచి దిగదు.

"ఇంకెవరి మోకాలైనా అయితే కొన్నాళ్ళు చూద్దాంలే అనేవాణ్ణి" అన్నారు డాక్టరుగారు. "ఇది ఒకసారి చీము పట్టిన మోకాలు. కొన్ని క్రిములు నెమ్మదిగా దాక్కుని ఉంటాయి, రక్తంలో కూడా బయటపడవు. అలాంటప్పుడు నొప్పి ఒక్కటే మనకు చెబుతుంది. దాన్ని తోసేస్తే రేపు కాలే పోవచ్చు."

నీరు తీసి పరీక్షకు పంపడానికి కీలులోకి సూది గుచ్చారు. ఆ సూది పొడవు చూసి నేను కళ్ళు మూసుకున్నాను. అవ్వ మూసుకోలేదు. చుక్క నీరు రాలేదు. రాకపోతే చీము లేదని అర్థం కాదట, తెలియలేదని అర్థమట. వచ్చేసారి కూడా నొప్పి ఇలాగే ఉంటే మోకాలు తెరిచి, లోపలి ముక్కలు తీసి పరీక్షకు పంపాలని డాక్టరుగారు నిర్ణయించారు. ఈలోపు ఇంటి దగ్గర ఎలా నడుస్తోందో చూసి రమ్మని నన్ను పంపారు.

నేను వస్తున్నట్టు ఫోను చేసి చెప్పలేదు. ఫోనులో మాట్లాడడం కన్నా బస్సెక్కి పోవడమే నాకు సులువు. పిక్కిలిలో ఇల్లు ఎక్కడని అడిగితే, తాత పక్కూరు పాపారపట్టికి పోయినాడని, అవ్వ ఇంట్లోనే ఉంటుందని చూపించారు. వాకిట్లోకి అడుగు పెట్టాను. మనిషి లేదు. పైనుంచి ఏదో పాట కూనిరాగం వినిపించి తలెత్తాను.

అవ్వ మిద్దె మీది నుంచి నిచ్చెన దిగుతోంది. నెత్తిన ఎండబెట్టిన చింతపండు గంప. గంపను ఒక చేత్తో పట్టుకుంది, నిచ్చెనను ఇంకో చేత్తో పట్టుకుంది. ఎక్కడా ఆగడం లేదు.

"ఎవురది?"

"నేనవ్వా, ఆస్పత్రి నుంచి."

నిచ్చెన మధ్యలో అవ్వ ఆగిపోయింది. కాసేపు ఏం చేయాలో ఆలోచించుకుంది. తర్వాత నెమ్మదిగా ముఖం చిట్లించి, "అమ్మా... నొప్పి" అంది. గంప మాత్రం కదల్లేదు.

"దిగవ్వా" అన్నాను.

"దిగతానే ఉండా గదా" అని, మిగతా మెట్లు ముందున్న వేగంతోనే దిగేసింది.

ఇద్దరం తిన్నె మీద కూర్చున్నాం. మజ్జిగ ఇచ్చింది. నేను లోటా చేతిలో పట్టుకుని వాక్యం కూర్చుకుంటూ ఉన్నాను.

"చూసేస్తివి" అంది ఆమే.

"చూసినా."

"మీ తాతకు చెప్తావా?"

"ఏంటికవ్వా ఇదంతా?"

అవ్వ వీధిలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "పెండ్లయిన నాటి నుంచి ఆ మనిషి నాకు ఒక లోటా నీళ్ళు ముంచిచ్చినోడు కాడు. పొద్దున లేస్తానే టీకడ బెంచీ, మాపటికి టీకడ బెంచీ. నాకు కీలు పీకి సిమెంటు పెట్టినారే, అప్పుడు ఇంట్లో ఇంకెవురుండారు? ఆయనే పొయ్యి ముట్టించినాడు. మొదటి దినం సంగటి ఎట్లుండిందో తెలుసునా? గోడకు పూయొచ్చు. తిన్నా. ఇప్పుడు? నేను కండ్లు తెరిచేతలికి కాపీ లోటా తలాపున ఉంటాది. తల దువ్వుతాడు. 'ఏమే, ఇంకొంచెం వెయ్యనా' అని అడగతాడు పాపా, అడగతాడు! నయమైపోయిందంటే ఆ బెంచీ మీదికి పోయి కూసుంటాడు మళ్ళా."

"అయినా అవ్వా, సూది గుచ్చితే కూడా చెప్పకపోతివే!"

"సూది ఒకనాటితో పోయె. కాపీ దినామూ వస్తాది గదా."

అప్పుడు చెప్పాను, ఈసారి ఎనిమిది అంటే సూదితో పోదని, మోకాలు కోసి తెరుస్తారని.

అవ్వ ముఖంలో అల్లరంతా పోయింది. మోకాలి మీది మచ్చను చీర మీది నుంచే తడుముకుంది. "మళ్ళానా? ఆ మంచం మీదికి మళ్ళా నేను పోలేను పాపా. నీళ్ళకు, దొడ్డికి, అన్నిటికీ ఒకరి చెయ్యి..." అని ఆగిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరి. తగ్గించేస్తా. ఒక్కపెట్టున తగ్గిస్తే ఆయనకు అనుమానం వస్తాది. ఈసారి ఆరు. ఆ పైసారి నాలుగు. నువ్వు మాత్రం ఆయనకు చెప్పకూడదు. చేతిలో చెయ్యి వెయ్యి."

వేశాను. తాతకు చెప్పనని మాట ఇచ్చాను. డాక్టరుకు చెప్పొద్దని అవ్వ అడగనే లేదని తిరుగు బస్సెక్కాక గుర్తొచ్చింది. చెప్పేద్దామని డాక్టరుగారి గది తలుపు దాకా వెళ్ళాను. లోపల ఎవరో ఉన్నారని వెనక్కి వచ్చాను. ఇంకోసారి వెళ్ళాను. ఆసారి లోపల ఎవరూ లేరు, అయినా వెనక్కి వచ్చాను. పోనీ, అవ్వే తగ్గించుకుంటుంది కదా అని సర్దిచెప్పుకుని, ఇంట్లో బాగానే నడుస్తోందని మాత్రం కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాను. బాగానే అంటే ఎంత బాగానో రాయలేదు.

చూపించుకునే రోజు వచ్చింది. ఈసారి డాక్టరుగారు తానే అడిగారు. "పదికి ఎంతమ్మా?"

"ఆరు సామీ" అంది అవ్వ బుద్ధిగా.

తాత ఉలిక్కిపడ్డాడు. "ఆరా? అబద్ధం సార్! తెల్లార్లూ మూలుగుతాది. మీ కాడ భయపడి తగ్గించి చెప్తా ఉండాది. తొమ్మిది రాసుకోండి."

"కాలు నాదా, నీదా?"

"కాలు నీదే. చూసుకునేది నేను గదా!"

"నాలుగు సామీ. నాలుగు రాసుకో."

"ఇప్పుడే ఆరంటివే!"

"ఇప్పుడే తగ్గె!"

డాక్టరుగారు కలం కింద పెట్టారు. ఆయన చాలా తెలివైనవారు. కళ్ళ ముందున్నది చూసి, తెలివైన మనిషి ఎవరైనా అనుకునేదే అనుకున్నారు. ఆపరేషనంటే భయంతో ఆమె నొప్పి దాస్తోందనీ, భర్త నిజం చెబుతున్నాడనీ. అవ్వ చేయి పట్టుకుని ఎంతో నెమ్మదిగా అన్నారు. "భయపడొద్దమ్మా. దాచిపెడితేనే ప్రమాదం. వచ్చే వారం చేరిపోండి. తెరిచి చూసేద్దాం."

అవ్వ నా వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక తాత వైపు చూశాను. తాత ముఖమూ పాలిపోయి ఉంది. "తెరిచేదా సార్? మాత్రలేవైనా ఇస్తే సరిపోదా?" అంటున్నాడు.

అప్పుడు గదిలో ఒక గొంతు వినిపించింది. అది నాదేనని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. "సార్, తాతను కొంచెంసేపు బయటికి పంపండి."

ఉద్యోగంలో చేరాక డాక్టరుగారి ఎదుట నేను మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అది. ఆయన ఎందుకని అడిగేలోపే సిస్టరక్క తాత భుజం మీద చేయి వేసింది. "రా తాతా, సంతకం పెట్టేది ఒకటుంది." అలాంటి సంతకం ఏదీ లేదు.

తలుపు మూసుకుంది. "అవ్వా" అన్నాను, "ఆ దినం దిగేది చూసినా. ఈ దినం ఎక్కేది చూపించు."

పరీక్ష చేసే మంచం ఎత్తుగా ఉంటుంది, ఎక్కడానికి ఇనుప మెట్ల పీట వేసి ఉంటుంది. అవ్వ తలుపు సరిగ్గా మూసి ఉందా అని చూసుకుంది. చీర కాస్త ఎత్తి దోపుకుని, దేన్నీ పట్టుకోకుండా మెట్లెక్కి మంచం మీద కూర్చుంది. కాలు చాపింది, మడిచింది, మళ్ళీ చాపింది. "చాలునా సామీ?"

డాక్టరుగారు కింద పెట్టిన కలం మళ్ళీ తీసుకున్నారు. "ఇప్పుడు చెప్పమ్మా. నొప్పి ఎంత?"

"ఒకటి. అదీ మీ మంచం ఎత్తుగా ఉండబట్టి."

ఆయన నా వైపు తిరిగారు. "నీకు ముందే తెలుసా?"

నేను తల ఊపాను. అవ్వ అడ్డం పడింది. "దాన్ని ఏమీ అనొద్దు సామీ. నేనే చేతిలో చెయ్యి వేయించుకుంటి." తర్వాత కాపీ సంగతి మొత్తం చెప్పుకుంది, లోటా తలాపున పెట్టడం దగ్గర నుంచి.

ఒక మాట మాత్రం చెప్పాలి. కథ విని డాక్టరుగారు మోకాలిని నమ్మేయలేదు. వేడిగా ఉందేమో చేత్తో చూశారు, అన్ని వైపులా నొక్కారు, రక్తం మళ్ళీ తీయించారు, ఎక్స్-రే మళ్ళీ తీయించారు. మధ్యాహ్నానికి అన్నీ వచ్చాయి. చీము జాడ ఎక్కడా లేదు, కీలు గట్టిగా ఉంది.

అవి వచ్చేలోపు నేను బయటికి వెళ్ళాను. తాత బెంచీ మీద తువ్వాలు నలుపుకుంటూ కూర్చున్నాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"పాపా, నిజంగా కోస్తారా?"

"నువ్వే తొమ్మిదంటివి కదా తాతా."

"తొమ్మిదంటే ఇంకో నెల మాత్రలు రాసిస్తారు అనుకుంటి. కోస్తారని నాకేం తెలుసు?" గొంతు బాగా తగ్గించాడు. "ఆమె బాగానే ఉండాది పాపా. నేను బయటికి పోతే అన్నీ చేస్తాది. నాకు తెలుసు. చింతపండు మిద్దె మీదికి దానంతట అదే పోతాదా?"

నిచ్చెన మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. "మరి ఎందుకు తాతా?"

"నయమైందని మీరు రాసేస్తే నన్ను పొయ్యి కాడికి రానిస్తాదా? ఇన్నేండ్లూ వంటింటి గడప తొక్కనిచ్చిందా? 'నువ్వు పో, నీకేం తెలుసు, ఉప్పెక్కువ చేస్తావు' అని తరిమేది. టీకడ కాడ ఉండేటోళ్ళు గూడా, పెండ్లాం బాగుండంగా మొగోడు సంగటి కెలుకుతాడా అని నవ్వుతారు. ఇప్పుడైతే ఎవురూ నవ్వరు, పాపం అంటారు. నా అనపకాయల పులుసు ఉండాదే, ఎదురింటోళ్ళు గిన్నె పట్టుకోని వస్తారు. నిజం!" నా చేయి పట్టుకున్నాడు. "ఆమెకు మాత్రం చెప్పొద్దు."

ఆ చేయి కూడా పట్టుకున్నాను. ఇంకేం చేయను?

ఇద్దరి రహస్యాలూ మోసుకుని డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను. ఈసారి తలుపు దగ్గర ఆగలేదు. అవ్వ సిస్టరక్కతో ఎక్స్-రే దగ్గరికి వెళ్ళి ఉంది. తాత చెప్పింది చెప్పాను. డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. నవ్వుకు భుజాలు కదులుతున్నాయి. పరీక్షలన్నీ చేతికి వచ్చాక గంభీరంగా కాగితం ముందుకు లాక్కున్నారు. చీము తిరిగి రాలేదు. మళ్ళీ ఆపరేషను అక్కర లేదు. నొప్పి, ఒకటి. నేను పక్కనే నిలబడి ఉన్నానని చూసి, కాగితం అంచున చేత్తో కొత్త గడి ఒకటి గీసి, అందులో "అడిగినప్పుడు గదిలో ఎవరున్నారు?" అని రాశారు. అది నింపమని నాకిచ్చారు. "ఎవరూ లేరు" అని రాశాను. ఆ తర్వాత మా కాగితాలన్నిటికీ ఆ గడి చేరింది. పాతవాళ్ళను మళ్ళీ ఒంటరిగా అడిగాం. కొందరి నొప్పి తగ్గింది, కొందరిది పెరిగింది. కోడలి ఎదుట పళ్ళు బిగబట్టి రెండు అని చెప్పిన ఒక మామ్మకు నిజంగానే చీము తిరగబెట్టిందని అలా అడిగితేనే బయటపడింది. సకాలంలో చూశారు. కాబట్టి చెల్లెళ్ళూ, ఈ గడిని నవ్వులాటగా తీసుకోకండి.

"అంతా బాగుంది, వాళ్ళకేం చెబుదాం?" అన్నారు డాక్టరుగారు ఆ మధ్యాహ్నం. అవ్వను తిరిగి తీసుకొచ్చి తాత పక్కన కూర్చోబెట్టి వచ్చిన సిస్టరక్కకు ఇద్దరి సంగతులూ చెప్పాం. "అది నాకు వదిలేయండి సార్" అని ఇద్దరినీ లోపలికి పిలిచి పక్కపక్కన నిలబెట్టింది.

"చీము లేదు. కోసేది లేదు. మోకాలు బాగుండాది."

ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. ఆ వెంటనే ఇద్దరి ముఖాలూ ఒకేలా దిగాలుపడ్డాయి. నేను గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాను.

"కానీ" అంది సిస్టరక్క వేలు చూపించి, "ఇది మామూలు మోకాలు కాదు. నిచ్చెనలు ఎక్కరాదు. గొంతుక్కూర్చోరాదు. మీది నేల మీద పొయ్యే కదా? దాని ముందర గొంతుక్కూర్చొని వండేది వద్దు. ఏం సార్?"

"అవును, వద్దు" అన్నారు డాక్టరుగారు. అది వైద్యం ప్రకారం అక్షరాలా నిజం. అలాంటి కీలు ఉన్నవాళ్ళందరికీ మేము చెప్పేదే.

"ఎన్నాళ్ళు?" అన్నారు అవ్వా తాతా ఇద్దరూ.

"కీలు ఉన్నన్నాళ్ళు."

"పాపం, ఆయనకు కష్టం" అంది అవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"చేస్తాలే. ఏం చేసేది మరి" అన్నాడు తాత, పైకి చూస్తూ.

వాళ్ళు వెళ్తుంటే సిస్టరక్క, నేను వరండాలో నిలబడి చూశాం. తాత మోపెడ్ ఎక్కి స్టార్టు చేశాడు. మెట్ల దాకా కుంటుతూ వచ్చిన అవ్వకు ఎండలో మరుపు వచ్చినట్టుంది, ఒక్క ఊపున వెనక సీటు ఎక్కేసింది. ఎక్కాక గుర్తొచ్చి, "అమ్మా" అని మూలిగింది, కాస్త ఆలస్యంగా.

మోపెడ్ అద్దంలో తాత ముఖం మాకు కనబడుతోంది. ఆయన అంతా చూశాడు. అద్దం కొంచెం పక్కకు తిప్పేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"మెల్లిగా, మెల్లిగా. తొందరేముంది? ఇంటికి పోతానే పులుసు పెడతా."